మేం పారిపోలేదు, షిఫ్ట్ అయ్యాం

మా బాపు లెక్కన మేం సారంగాపూర్ పక్కనున్న మా ఊరు వదిలి పారిపోలేదు, జగిత్యాలకు షిఫ్ట్ అయ్యాం. గడీకి తాళమేసి, ట్రాక్టరులో మూటల మధ్య మమ్మల్ని కూర్చోబెట్టి, "ఎవ్వలు పిలిచినా పలుకకుర్రి" అని భయపెట్టి తెచ్చిన ప్రయాణాన్ని షిఫ్టింగ్ అంటారని నాకు జగిత్యాలకు వచ్చాకే తెలిసింది.

మా గల్లీ నిండా అట్లా షిఫ్ట్ అయిన దొరలే. నక్సలైటు అన్నలొచ్చి పొలాల్లో ఎర్రజెండాలు పాతితే అది ల్యాండ్ ప్రాబ్లం. తాతల కాలం నుంచి కూలి ఇవ్వకుండా చేయించుకున్న వెట్టి ఏమో సర్వీస్. "మా దగ్గర మస్తుమంది సర్వీస్ చేసిన్రు" అని బాపు చెబుతుంటే, వాళ్లందరికీ ఇప్పుడు పింఛను కూడా వస్తుందేమో అనిపించేది. సిరిసిల్ల మేనమామతో ఊరంతా చూస్తుండగా అన్నలు ముక్కు నేలకు రాయించారు. ఆయన మా ఇంటికొచ్చి చాయ్ ఊదుకుంటూ, "మీటింగ్ పెట్టిన్రు బావా, కాంప్రమైజ్ అయింది" అన్నాడు. ముక్కు మీద చెక్కుకుపోయిన గాయం ఇంకా మానలేదు. నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి ఉరికాను. అమ్మ నెత్తిన మొట్టింది, తనూ నవ్వుతూనే.

తెలుగులో చెబితే పరువు పోతుంది. ఇంగ్లిష్‌లో చెబితే ఏదో ఆఫీసు పనిలా వినబడుతుంది. వాళ్లకు కావలసింది అదే.

ఒక మధ్యాహ్నం, ఊళ్లో మా ఇంటికి నీళ్లు మోసిన అవ్వ బస్సు దిగి వచ్చింది. ఆమె కొడుకు అన్నలతో తిరుగుతున్నాడని అందరికీ తెలుసు. కోరుట్ల అవతల కాల్పులయ్యాయని ఊళ్లో అనుకుంటున్నారట.

"తెలుగు పేపర్ల పేర్లు రాయలేదట దొరా. ఇంగ్లీషు పేపర్ల ఉన్నయంటున్రు. జర సూడు" అంది అరుగు కిందే నిలబడి.

బాపు ఇంట్లో ఉన్న ఇంగ్లిష్ పేపర్ తీసి చదివాడు. ఆయన ముఖం చూడగానే నాకు తెలిసిపోయింది.

"ఒక ఇన్సిడెంట్ అయిందే. అండ్ల నీ కొడుకు నేమ్ మెన్షన్ చేసిన్రు."

"అంటే?"

"అంటే, గది పోలీసోళ్ల వర్షన్. కన్ఫర్మ్ అని గాదు..."

"సంపిన్రా దొరా?"

బాపు కళ్లజోడు తీసి తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. "ఆఁ" అన్నాడు.

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత, "కోరుట్ల దవాఖాన్ల ఏసిన్రట. నేనొక్కదాన్నే పోతే నాకు ఇయ్యరు. నువ్వస్తే ఇస్తరు దొరా. నా కొడుకును నేను మట్టి జేసుకుంట" అంది.

"బాడీ రిలీజ్ అంటే ఈజీ గాదే. ప్రొసీజర్ ఉంటది. నా పొజిషన్ గూడ సెన్సిటివ్."

"ఆయనకు బీపీ డౌన్ అయింది" అని లోపలి నుంచి అమ్మ అందించింది.

అవ్వ ఒక్కతే కోరుట్ల బస్సెక్కింది. ఆమెను దవాఖాన గేటు ముందు రోజంతా కూర్చోబెట్టి, చివరికి పోలీసులే శవాన్ని తీసుకుపోయి కాలబెట్టారు. ఆ సంగతి విన్నాక నాకు బాపు ముఖం చూడబుద్ధి కాలేదు.

కొన్నాళ్లకు మామ మళ్లీ వచ్చాడు. బాపు ఆయనకు చెబుతున్నాడు: "మా పాత సర్వెంట్ కొడుకు. వెరీ సాడ్. నేను పోదామనుకున్న గని, సిచ్యువేషన్ అలౌ చేయలే."

నాకు ఒళ్లు మండిపోయింది. చాయ్ కప్పులు ఠపీమని కింద పెట్టాను.

"భయానికి పోలే" అన్నాను. "నువ్వు భయపడ్డవ్ బాపూ. గామె ఒక్కతే పోయింది."

మామ చెయ్యి మెల్లగా ముక్కు మీదికి పోయింది. ఆయనే తేరుకుని, పెద్దగా నవ్వి, "నీ బిడ్డ మస్తు ఫ్రాంక్ బావా" అన్నాడు.

అట్లా నాకు కూడా ఒక ఇంగ్లిష్ మాట దొరికింది. అమ్మ నవ్వింది. బాపు మాత్రం నవ్వలేదు. ముందున్న చాయ్ మీద మీగడ కట్టేదాకా తలెత్తలేదు.