యాదయ్య మామ మొక్కు

ఆఫీసు క్యాంటీన్‌లో ఎవరో ఆరెంజ్ కూల్‌డ్రింక్ మూత తీశారు. ఆ వాసనకి గోపన్‌పల్లిలో మా ఇంటి పక్కనున్న యాదయ్య మామ కిరాణా దుకాణం గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. రెండు మెట్లెక్కితే ఆయాసం. అయినా బడి వ్యాన్ దిగగానే ఒక సీసా తాగందే ఇంటికి వెళ్లేదాన్ని కాదు. ఉద్యమం జోరుగా సాగుతున్న ఆ రోజుల్లో, ఒక సాయంత్రం మామ ఫ్రిజ్ తెరవలేదు.

"తెలంగాణ వచ్చేదాక కూల్‌డ్రింక్ అమ్మనని మొక్కుకున్న బిడ్డా. జర ఈ సల్ల తాగు" అని ఉప్పేసిన మజ్జిగ ఇచ్చాడు.

మా వ్యాన్ డ్రైవర్ కూడా తెలంగాణ వచ్చేదాకా గడ్డం తీయనని మొక్కుకున్నాడు. అందుకే నమ్మేశాను. ఊరేగింపు కనబడితే చాలు, నా ఆరెంజ్ సీసా కోసం అందరికంటే గట్టిగా "జై తెలంగాణ" అని అరిచేదాన్ని.

కొన్నేళ్లకు రాష్ట్రం వచ్చిన రోజు దుకాణానికి పరుగెత్తాను. ఆయాసం రాలేదు. మామ నవ్వుతూ సీసా తీసిచ్చాడు. రెండు గుక్కలకే నోరంతా జిగటగా అయింది.

"మామా, సల్ల ఉందా?" అన్నాను.

నా ఆయాసం చూసి డాక్టర్ హెచ్చరించాక, నాకు కూల్‌డ్రింక్ ఇవ్వొద్దని మా అమ్మే మామని బతిమాలిందని పెద్దయ్యాక తెలిసింది. అన్నేళ్లూ నేను దుకాణంలో ఉన్నంతసేపు, ఎవరు వచ్చి కూల్‌డ్రింక్ అడిగినా ఆయన లేదనే చెప్పాడట.