రంగు నిలిచేదాకా

మా పెద్ద కెమిస్టు గారు పోయారు. కాకినాడ నుంచి వారి భార్య రాసిన ఉత్తరం ఇక్కడ గల్ఫులో ఖోర్ ఫక్కాన్ చేరేసరికి ఆయన పోయి నెల కావస్తోంది. ఆ నెలంతా నేను మామూలుగా తిన్నాను, పడుకున్నాను, ఒక సెలవునాడు రోలా బజారుకు వెళ్ళి చొక్కా కూడా కొనుక్కున్నాను. ఇప్పుడా చొక్కా వేసుకోబుద్ధి కావడం లేదు.

రేవులో చమురు ట్యాంకుల పక్కన మా ల్యాబు. అందులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. నాది జగిత్యాల దగ్గర పల్లె. పెట్రోలులో కొన్ని హైడ్రోకార్బన్లు కుదురుగా ఉండవు. ఎండకు ట్యాంకులో నిలవుంటే బంక కట్టి ఇంజన్లను పాడుచేస్తాయి. అవి ఎంత ఉన్నాయో తేల్చడం మా పని. ఐసులో పెట్టిన గాజు కుప్పెలో పెట్రోలు పోసి, పైనుంచి బ్రోమిన్ చుక్క చుక్కగా వదలాలి. అవి ఉన్నంతసేపూ బ్రోమిన్ పసుపురంగు మాయమైపోతూ ఉంటుంది. ముప్పై లెక్కపెట్టేదాకా రంగు నిలిస్తే పరీక్ష అయినట్టు.

"ఆకలి తీరితేనే కదయ్యా విస్తట్లో మిగిలేది" అనేవారు ఆయన.

ఐసు చేపల మార్కెట్ నుంచి వచ్చేది. శనివారాలు ఉపవాసం ఉండే మనిషి, ముక్కుకు రుమాలు కట్టుకుని ఆ నీచు వాసనలోనే చుక్కలు వదిలేవారు. రంగు చూసి లెక్కపెట్టడం నా వంతు.

"ఏవయ్యా, నిలిచిందా?"

"నిలిచింది సార్."

అప్పుడు రాసి సంతకం పెట్టేవారు. ఒకసారి నాకు విసుగొచ్చింది. "ఇన్నేండ్లాయె, ఇంకా నాకు పరీక్షలేనా సార్?" అన్నాను. "వదిలేవాడొకడు, చూసేవాడొకడు ఉండాలయ్యా" అని నవ్వేశారు. ఆయన తెల్లకోటు మీద ఎప్పుడూ పప్పు మరక ఉండేది. "ఇయ్యాల కోటుకు గూడ బువ్వ పెట్టిండ్రా సార్?" అంటే, మరక ఒకచోట ఉంటే ఇంకోచోట తుడుచుకునేవారు. నాకది భలే వేడుకగా ఉండేది.

నా సెలవు వాయిదా పడిన రోజు ఒళ్ళు మండిపోతోంది. "ఖలాస్?" అయిపోయిందా అంటూ ముదీర్, అంటే మా మేనేజరు, రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ ముప్పై లెక్కపెట్టి, నిలిచిందన్నాను. ఆయన సంతకం పెట్టారు. ట్యాంకర్లు కదిలాయి.

ఆ రాత్రి అన్నం సయించలేదు. తెల్లారగానే వెళ్ళి చెప్పాను. "సార్, నిన్న నేను సూడకుండనే చెప్పిన."

ఆయన తిట్టలేదు. అలమారాలో దాచిన నిన్నటి పెట్రోలు సీసా తీసి, "ఈసారి చూడు" అన్నారు. లెక్క తేడా వచ్చింది. ముదీర్‌కు ఫోన్ చేసి ట్యాంకర్లను వెనక్కి రప్పించారు. ఎవరిది తప్పని అడిగితే, "నా చూపు తప్పింది" అన్నారు. నన్ను కాయడానికే ఆ మాట అన్నారనుకుని తల వంచుకున్నాను. ముదీర్ మాత్రం ఆయన్ని కంటి డాక్టరు దగ్గరికి పంపాడు. రెండు నెలల తర్వాత కాంట్రాక్టు పొడిగించలేదు. టాక్సీ ఎక్కుతూ, "తొందరపడి లెక్క మానకు" అన్నారు. అదే ఆఖరి మాట.

ఇప్పుడు ఉత్తరంలో అమ్మగారు రాశారు: "ఆయన కళ్ళకు లేతపసుపు ఆనడం మానేసి, ఆ ఉద్యోగం పోయేనాటికే మూడేళ్ళు బాబూ. నువ్వున్నావు కాబట్టి నీ కళ్ళతో నెట్టుకొస్తున్నానని రాసేవారు. నీమీద ఎన్నడూ ఒక్క మాట అనలేదు."

ఆయన చెప్పింది అబద్ధం కాదని తెలిశాక నా మనసు తేలికపడాలి. పడలేదు. ఆయన ఉద్యోగమంతా నా ఒక్క మాట మీద నిలబడి ఉండేది. ఆ మాట నేను సముద్రానికేసి చూస్తూ చెప్పాను.

ల్యాబులోకి ఈ మధ్య సూదితో లెక్క చూపించే మిషను వచ్చింది. రంగు చూడనక్కర్లేదు, ఎవర్నీ అడగనక్కర్లేదు. రోజంతా నోరు విప్పకుండా పని అయిపోతుంది. ఈ ఉదయం దాన్ని ఆపేసి పాత కుప్పెను ఐసులో పెట్టాను. చుక్కలు నేనే వదిలాను. తెలుగులో, పైకే, ముప్పై దాకా లెక్కపెట్టాను.

"నిలిచింది సార్" అన్నాను, కుప్పె మీదనుంచి కళ్ళు తీయకుండా.