సహజం అన్న మాట కింద నా సంతకం

తెలంగాణ రాష్ట్రం రావడానికి మూడేళ్ల ముందు, వేసవి మొదట్లో, గోదావరిఖని దగ్గరి వాతావరణ పరిశీలన కేంద్రానికి నేను ఇన్‌చార్జిని. అప్పుడే నేలపై నుంచే తవ్వే ఒక ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని వేసవి షిఫ్టులను పరిశీలించే కమిటీలో నన్ను సాంకేతిక సభ్యుడిగా వేశారు. కొమురయ్య అనే జనరల్ మజ్దూర్ బొగ్గు యార్డులో వడదెబ్బకు పడిపోయాడు. మధ్యాహ్నం పని ఆపాలని కార్మికులు పట్టుబట్టారు. ఎండలు నిజంగా పెరిగాయా, ఏటేటా ఉండే హెచ్చుతగ్గులేనా అన్నది నేను తేల్చాలి.

కొమురయ్య భార్య లచ్చవ్వ కేంద్రానికే వచ్చింది. ఒక్క రోజు వేడిని చూసి ఏమీ చెప్పలేనని, పాత రికార్డంతా చూడాలని ఆమెతో అన్నాను.

"చూడుండ్రి సారు. ఉన్నది ఉన్నట్టు రాయుండ్రి, గంతే," అని వెళ్లిపోయింది.

థర్మామీటర్లుండే తెల్ల చెక్కపెట్టెను ఒకప్పుడు గడ్డినేల నుంచి సిమెంటు గచ్చు పక్కకు మార్చారు. దానివల్ల పెరిగిన వేడిని లెక్కలోంచి తీసేశాను. పసిఫిక్ సముద్రం వేడెక్కి మన దగ్గర వానలు తగ్గే ఎల్‌నినో ఏళ్లను విడిగా పెట్టాను. గనులకు దూరంగా ఉన్న కేంద్రాలతో పోల్చాను. అయినా పెరుగుదల మిగిలింది. బెలూన్లతో కొలిచిన పైగాలి రికార్డులు తెప్పించాను. కిందిగాలి వేడెక్కుతోంది, చాలా ఎత్తున ఉన్న గాలి చల్లబడుతోంది. సూర్యుడి వేడే పెరిగి ఉంటే రెండూ వేడెక్కాలి. బొగ్గు, చమురు కాల్చగా వచ్చిన వాయువులు వేడిని పట్టి ఉంచినప్పుడే ఇలా ఉంటుంది. అదే రాసి, చివర విడి పేజీలో సంతకం పెట్టాను.

కమిటీ అధ్యక్షుడు, నాకన్నా చాలా పై అధికారి, పిలిపించాడు.

"ఒక ఏడు మండుతుంది, ఒక ఏడు తగ్గుతుంది. ఇదంతా సహజం. బొగ్గు తవ్వుకుని బతుకుతూ ఈ మాట మనమే రాస్తామా?"

ఏడాదికేడాది తేడా సహజమేనని, దశాబ్దాల పెరుగుదల కాదని చెప్పాను. ఆయన తలూపాడు. వారం తర్వాత వచ్చిన నివేదికలో నా పట్టికలన్నీ ఉన్నాయి, ముగింపు పేజీ మాత్రం మారింది: "పెరుగుదల సహజ హెచ్చుతగ్గుల్లో భాగమే." దాని తర్వాతి పేజీలో నేను ముందే పెట్టిన సంతకం అలాగే ఉంది. ఒక్క డిగ్రీ తప్పు రాసిన పరిశీలకుడికి మెమో ఇచ్చే వ్యవస్థ ఇది. రికార్డు అర్థాన్నే తిప్పి రాసినవాడికి మెమో ఇచ్చేవారెవరు?

అసమ్మతి నోట్ రాసి, స్వయంగా తీసుకెళ్లి, ఆఫీసుకు అందినట్టు ఆవక్ ముద్ర వేయించాను. ఇక దాన్ని ఫైల్లోంచి తీయడం కుదరలేదు. కార్మిక సంఘం చర్చల్లో దాన్ని చదివించింది. ఆ వేసవంతా మధ్యాహ్నం పని ఆపారు. ఉత్తర్వులో మాత్రం ఎండ పేరెత్తలేదు, "మానవతా దృక్పథంతో" అని రాశారు. కొమురయ్య కోలుకుని తేలిక పనికి చేరాడు. నాకు బదిలీ వచ్చింది.

అంకెలను మార్చకుండానే అబద్ధం చెప్పొచ్చని అక్కడ తెలుసుకున్నాను. ఆ తర్వాత పదవీ విరమణ దాకా ముగింపు ఉన్న పేజీ మీదే సంతకం చేశాను, విడి పేజీలో ఎన్నడూ చేయలేదు.