గీత ముందు కాలెత్తే డెల్బర్ట్

డెల్బర్ట్ క్రౌస్‌కి ఒకే ఒక్క జబ్బు. పావుమైలు కార్ల రేసులో అందరికన్నా ముందుంటాడు, ఇంకాస్తలో గెలుపు గీత దాటతాడనగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తాడు. ఇండియానాలో ఏ ట్రాక్ మీదైనా ఇదే తంతు.

ఈ జబ్బుకి బలైపోయినవాడు ఆయన బావమరిది వెండెల్. ఇంజను కట్టేది అతనే. చలికాలమంతా వేళ్లు కొంకర్లు పోతున్నా గరాజ్‌లో కూర్చుని ఒక్కో మరా ముద్దుచేసి బిగిస్తాడు. వేసవిలో బావగారు దాన్ని తీసుకెళ్లి ఓడించి తెస్తాడు.

"ఈసారేమైంది బావా?"

"పిట్ట అడ్డమొచ్చింది వెండెల్."

"పోయినసారీ పిట్టేగా!"

"అది వేరే పిట్ట."

పిట్ట కాకపోతే తుమ్ము. తుమ్ము కాకపోతే బూటు లేసు. ఆయన చెప్పిన పిట్టలన్నీ నిజంగా ఎగిరుంటే ఇండియానాలో నేలమీద ఎండ పడేది కాదు. వెండెల్‌కి తిండి సయించడం మానేసింది. "నా బతుకింతే" అని భార్యతో, కుక్కతో, చివరికి కార్బురేటర్‌తో కూడా చెప్పుకున్నాడు.

ఈ రేసుల్లో బండ్లన్నీ ఫ్యాక్టరీలో తయారైనవే. బండి బరువుని ఇంజను హార్స్‌పవర్‌తో భాగించి, వచ్చిన లెక్కని బట్టి తరగతి ఇస్తారు. తక్కువ బరువుకి ఎక్కువ బలముంటే పై తరగతి. ఎవడైనా మరీ తొందరగా గీత దాటాడా, "ఓహో, ఈ ఇంజనుకి మేమనుకున్నదానికన్నా బలముందన్నమాట" అని అధికారులు ఆ హార్స్‌పవర్ అంకె పెంచేస్తారు. ఆ ఒక్కడికే కాదు, దేశంలో అదే ఇంజనున్న ప్రతివాడికీ.

"పెంచనీ! పై తరగతిలోనే కొడదాం. ఇంజను కట్టింది నేనుగా!" అనేవాడు వెండెల్.

ఆ ఆదివారం తరగతి ఫైనల్. అవతల ఒహాయో మనిషి, ఇంచుమించు సమానమైన బండి. చివరిదాకా తొక్కితే తప్ప గెలవడం కుదరదు. వెండెల్ కిటికీలో తల దూర్చి బతిమాలాడు.

"బావా, నీ కాళ్లు పట్టుకుంటా. ఒక్కసారి గెలువు. ఇవాళ కూడా కాలెత్తావో, ఇంక నీ ఇంజను ముట్టుకోను. ఒట్టు!"

డెల్బర్ట్ మొహం చిన్నబోయింది. "చూద్దాంలే" అన్నాడు.

పచ్చదీపం వెలిగింది. డెల్బర్ట్ బండి ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. ముందున్నాడు, ఇంకా ముందున్నాడు, గీత దగ్గరపడింది... సరిగ్గా అక్కడే ఇంజను గొంతు తగ్గింది. ఒహాయో బండి పక్కనుంచి జారిపోయింది. వెండెల్ చేతిలో రెంచీ నేలకేసి కొట్టి, "అయిపోయింది! సర్వనాశనం!" అంటూ పోయి కాఫీ కొట్టు ముందు కూలబడ్డాడు.

అక్కడ నార్మా ప్రూయిట్ ఎదురైంది. స్కూలు బస్సు నడుపుతుంది. పోయిన మొగుడి పాత స్టేషన్ వ్యాగన్ కారుని రేసుల్లో తనే తోలుతుంది. ఇంజను డెల్బర్ట్‌దీ ఆవిడదీ ఒకటే రకం. బండ్ల బరువు వేరు గనక తరగతులు వేరు.

"అధికారుల్ని అడిగొచ్చానయ్యా వెండెల్, మన ఇంజను అంకె ఈసారీ పెరగలేదట!" అంది మొహం వెలిగిపోతూ. "నా బండి తరగతి అంచున వేలాడుతోంది. కాస్త పెంచారంటే పై తరగతిలో పడి మొదటి రౌండుకే ఇంటికి. ఇనుము వేసి బరువు పెంచుదామా, ముసలి బండి, నడుం విరుగుతుంది. మీ బావలాంటి నత్తలున్నంతకాలం నాకు దిగుల్లేదులే!"

వెండెల్ కాఫీ నోట్లోనే ఉండిపోయింది.

తిరిగొచ్చేసరికి డెల్బర్ట్ టైర్లు తుడుస్తున్నాడు.

"కాలెత్తేది నార్మా కోసమా?"

డెల్బర్ట్ చెవులు ఎర్రబడ్డాయి. "ఆవిడకున్న సరదా అదొక్కటేరా. చెప్పకు, తెలిస్తే నన్ను తంతుంది."

"నాకైనా చెప్పొచ్చుగా? ఇన్నేళ్లూ కుళ్లికుళ్లి చచ్చాను!"

"చెబితే ఇంజను కట్టడం మానేస్తావు. చలికాలమంతా మరేం చేస్తావు? మా ఇంటికొచ్చి కూర్చుంటావు."

 వెండెల్ బానెట్ ఎత్తి లోపలికి తల దూర్చాడు.

"వచ్చే ఏడు దీనికి ఇంకా బలమొచ్చేలా కడతా. సగం దారిలోనే కాలెత్తాల్సొస్తుంది, చూసుకో!"