మొండికొమ్మావు మెడపట్టీ

ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది కానీ, వీధిలో ఎవరికీ అది గుర్తులేదు. అందరికీ శంకల పిన్నే. పాలకేంద్రంలో పాలు పోసేటప్పుడు కొలపాత్ర అడుగున సొట్ట ఉందేమోనని వేలితో తడిమి చూస్తే గానీ బిందె వంచదు. పశువుల డాక్టరు సూదిమందు తెస్తే, చదవడం రాకపోయినా సీసాని తిప్పితిప్పి చూస్తుంది. ఆవిడ భర్త ఆ పాలకేంద్రంలోనే క్యాన్లు కడుగుతాడు, నోట్లో నాలుక లేని మనిషి. "మా ఆవిడ ఎండలో నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి, ఈ నీడ నాదేనా అని చూసుకుంటుంది" అంటాడు. అయితే ఆ మాట ఆవిడ చెవిన పడనంత దూరంలో ఉన్నప్పుడే అంటాడు.

అలాంటి మనిషి ఆవుకి జీపీఎస్ పట్టీ కడతామంటే ఊరుకుంటుందా?

పశువుల కాలేజీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. బీడు మీద పశువులు ఎటు తిరుగుతాయి, ఎక్కడ ఆగి మేస్తాయి, ఏ గడ్డిని మూతితో తోసేసి పోతాయి, అదంతా కనిపెట్టడం ఆ పిల్ల చదువు. మందలో ముందు నడిచే ఆవు మెడకి ఒక పట్టీ కడుతుంది. పట్టీకి అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా. ఆవు ఎక్కడుంటే అక్కడినుంచి ఆ డబ్బా కబురు పంపుతుంటే, పిల్ల ఫోనులో బీడు పటం మీద చుక్కలు పడుతుంటాయి.

"ఈ చుక్కలు కలిపితే ఆవు నడిచిన దారి తెలుస్తుంది పిన్నీ" అంది పిల్ల.

"ఆవు నడిచిన దారి నీకెందుకమ్మా? ఆ దారిన నువ్వేమన్నా మేతకి పోతావా?"

పిల్ల పకపకా నవ్వింది. "గడ్డి ఎక్కడ అరిగిపోతోందో తెలిస్తే, ఆ చోటు కొన్నాళ్ళు మేపకుండా వదిలెయ్యొచ్చు కదా."

"వదలమని ఎవరు చెబుతారు? నువ్వా?"

పక్కనే పశువుల డాక్టరు నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు పిన్ని ఆవుని చావు నోట్లోంచి లాక్కొచ్చిన మనిషి. ఆయన మొహం చూసి కాదనలేక, మొండికొమ్మావుని ముందుకు తోసింది. ఒక కొమ్ము విరిగిన ఆవు అది. మంద మొత్తం దాని తోక పట్టుకునే నడుస్తుంది. పట్టీ కట్టించుకుని అది హాయిగా నెమరేసుకుంటోంది. నిద్ర పట్టనిది పిన్నికే.

ఎందుకు పట్టలేదో చెబుతాను. బీడు చివర నడిమికి చీలిన పెద్ద బండ ఒకటుంది. దాని వెనక్కి వెళితే చిన్న లోయ. రాళ్ళలోంచి ఊట జారుతుంది కాబట్టి మండువేసవిలోనూ అక్కడ పచ్చిక మోకాలెత్తు ఉంటుంది. మందని ఇద్దరు కోడళ్ళకీ పంచిచ్చిన రోజున, అత్తగారు చిన్నకోడల్ని ఒక్కదాన్నే అక్కడికి తీసుకెళ్ళి, "ఇది నీది. పెద్దదానికి చెప్పకు" అంది. పిన్ని చెప్పలేదు. ఆ లోయ ఉండబట్టే ఏ వేసవిలోనూ ఒక్క ఆవునీ అమ్ముకోలేదు. ఈ ఏడు ఎండలు మరీ పెట్రేగిపోయాయి. బీడంతా పెనంలా కాలిపోయింది. పైగా మొండికొమ్మావు నిండుచూలుతో ఉంది. లోయ పోతే మంద పోయినట్టే. అందుకే పట్టీ కట్టిన దగ్గర్నుంచీ పిన్ని మందని లోయ వైపు తోలలేదు.

ఇక పెద్దదానితో, అంటే తోడికోడలితో, పంపకాలప్పటి నుంచీ మాటల్లేవు. రెండిళ్ళకీ నడుమ గోడ ఒకటే. ఏదైనా చెప్పాలంటే కుక్కని తిట్టినట్టు తిట్టి గోడకి వినిపిస్తారు. చదువుల పిల్ల అద్దెకి దిగింది సరిగ్గా ఆ తోడికోడలి ముందుగదిలో! ఆవిడ మందకీ పట్టీ కట్టింది.

ఒకరోజు పిన్ని ఆ వాకిట్లోంచి పోతూ, కాలికేదో గుచ్చుకున్నట్టు ఆగి లోపలికి చూసింది. మంచం మీద తీగలు, డబ్బాలు, మేకుకి వేలాడుతున్న పట్టీలు. వాటి నడుమ పిల్లా తోడికోడలూ తలలు ఆనించుకుని ఫోనులోకి చూస్తున్నారు. తోడికోడలు పటం మీద వేలు పెట్టి ఏదో చెబుతోంది. పిన్ని కనబడగానే టక్కున నోరు మూసేసింది.

పిన్ని గిరుక్కున వెనక్కి తిరిగింది. "అదీ సంగతి! చదువు పేరు చెప్పి నా లోయ కూపీ లాగుతున్నారు" అనుకుంది. పచ్చకామెర్ల కంటికి లోకమంతా పచ్చనే కదా.

మర్నాడు పొద్దున్నే మొండికొమ్మావు మెడపట్టీ విప్పి తెల్లావుకి కట్టింది. తెల్లావు ఒట్టి బద్ధకం గొడ్డు, కాలవగట్టు దాటి అడుగు వెయ్యదు. దాన్ని, క్యాన్లు కడిగి వచ్చిన మొగుడికి అప్పగించి, మిగతా మందని బోసిమెడలతో లోయకి తోలుకుపోయింది. సాయంత్రం ఇంటికి తేగానే పట్టీ మళ్ళీ మొండికొమ్మావు మెడకి. రోజూ ఇదే వరస. మొగుడు ఎందుకని అడగలేదు. అడిగితే ఏమవుతుందో ఆయనకి తెలుసు.

"మొండికొమ్మావు కాలవగట్టు వదలడం లేదేంటి పిన్నీ?" అని పిల్ల అడిగింది.

"చూలుతో ఉంది కదమ్మా, నడవలేకపోతోంది." అబద్ధం నెయ్యి రాసినట్టు జారింది.

ఆవు ఈనే గడియ దగ్గరపడిందని, ఒకరోజు దాన్ని పాకలోనే కట్టేసి, మిగతావాటిని దగ్గర్లో మేపుకొద్దామని వెళ్ళింది. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి గుంజకి తెగిన తాడు తప్ప ఆవు లేదు. తాడు తెగిందంటే ఆవు తెంపుకుందని ఎవరైనా అనుకుంటారు. శంకల పిన్ని అనుకోదు. "కోసేశారు! దొంగముండాకొడుకులు తాడు కోసేసి తోలుకుపోయారు! గోడ పక్కనే ఉన్నవాళ్ళకి తెలియకుండా పోతుందా?" అని వీధి దద్దరిల్లేలా అరుస్తూ, ఇంటింటికీ తిరిగి పాకలన్నీ వెతికింది. ఆ పనికే బోలెడంత పొద్దు పోయింది.

చదువుల పిల్ల ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "కంగారుపడకు పిన్నీ, పట్టీ ఉందిగా! ఇదిగో, కాలవగట్టు మీదే ఉంది!"

పొద్దున పట్టీ తెల్లావుకి మార్చిన సంగతి పిన్నికి అప్పుడు గుర్తొచ్చింది. ఆపేలోపే వీధి వీధంతా కాలవగట్టుకి పరిగెత్తింది, తోడికోడలు కూడా. అక్కడ తెల్లావు పట్టీ పెట్టుకుని దర్జాగా నెమరేస్తోంది. పక్కన పిన్ని మొగుడు కూర్చుని పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"ఇది మొండికొమ్మావు కాదే!" అంది పిల్ల.

"రోజూ పొద్దున మా ఆవిడే మారుస్తుందమ్మా" అన్నాడాయన, అమాయకంగా.

శంకల పిన్ని తేలు కుట్టిన దొంగలా నిలబడింది. నలుగురూ తననే చూస్తున్నారు. కానీ ఆ సిగ్గు కంటే పెద్ద భయం అప్పుడు పట్టుకుంది. ఈనడానికి చూలావు చడీచప్పుడూ లేని చోటు వెతుక్కుంటుంది. మొండికొమ్మావుకి అలాంటి చోటు ఒక్కటే తెలుసు. డాక్టరు ఊళ్ళో లేడు. దూడ అడ్డం పడితే లాగగల చెయ్యి ఈ చుట్టుపక్కల తోడికోడలిది ఒక్కటే. ఆవిణ్ణి తీసుకెళితే లోయ పోతుంది, తీసుకెళ్ళకపోతే ఆవు పోతుంది.

"అక్కా" అంది పిన్ని. అన్నేళ్ళ తర్వాత మొదటి మాట. "నాతో రా. ఎక్కడికని మాత్రం అడక్కు."

తోడికోడలు అడగలేదు. కొంగు బిగించి నడిచింది, వెనకే పిల్ల. చీలినబండ దగ్గర పిన్ని ఊపిరి పీల్చుకోడానికి ఆగిందో లేదో, తోడికోడలు ఆగకుండా బండ వెనక్కి తిరిగి, ముళ్ళకంప పక్కకి నెట్టి, సరాసరి లోయలోకి దిగిపోయింది. దారి చూపించాల్సిన పని లేకపోయింది. పిన్నికి ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

మొండికొమ్మావు ఊట పక్కన పడుకుని మూలుగుతోంది. దూడ కాలు ఒకటే బయటికొచ్చింది. తోడికోడలు మోకాళ్ళ మీద కూలబడి, చెయ్యి లోపలికి పోనిచ్చి, మడతపడ్డ రెండో కాలు సరిచేసి, ఆవు నొప్పి తీసినప్పుడల్లా లాగింది. చెమట కళ్ళలోకి కారుతున్నా ఆపలేదు. చివరికి దూడ జర్రున జారి గడ్డిలో పడింది. తోడికోడలు దాని ముక్కులో జిగురు తీసి, పచ్చిక పీకి ఒళ్ళు రుద్దింది. దూడ తుమ్మింది.

అప్పుడన్నా మంచి మాట అనొచ్చు కదా! మోచేతుల దాకా నెత్తురుతో ఉన్న మనిషిని పట్టుకుని పిన్ని ఏమందో తెలుసా?

"ఎన్నేళ్ళుగా మేపుతున్నావు ఇక్కడ? నా గడ్డి ఎన్నేళ్ళుగా తింటున్నాయి నీ గొడ్లు?"

తోడికోడలు ఊటలో చేతులు కడుక్కోసాగింది. పిల్లకి కోపం వచ్చింది. ఫోను తెచ్చి పిన్ని మొహం ముందు పెట్టింది.

"నీలం చుక్కలు పెద్దమ్మ మంద పిన్నీ. చూడు. బండ దాకా వస్తాయి, అక్కడినుంచి వెనక్కి తిరుగుతాయి. ఒక్కరోజు కూడా ఒక్క చుక్క లోపల పడలేదు. ఆవులు పచ్చిక వాసనకి ఇటే లాగుతుంటే ఈవిడ కర్ర అడ్డం పెట్టి, ఆ కాలిపోయిన దిబ్బకి తోలుకుపోతోంది. వాటి డొక్కలు లోపలికి పోయాయి. ఎందుకిలా చేస్తున్నారని అడిగితే, అది మా చెల్లిది, పశువు అడుగు పడకూడదు అంది."

పిన్ని పటం వైపు చూసింది. చదవడం రాకపోయినా చుక్కలు కనపడతాయి. బండ చుట్టూ నీలం చుక్కలు గుంపులు గుంపులుగా ఆగి, వెనక్కి మళ్ళాయి. లోయ మాత్రం తెల్లగా, ఖాళీగా ఉంది.

"నీకెవరు చెప్పారక్కా ఈ చోటు?" అంది పిన్ని.

"అత్తయ్యే. ముందు నాకే చూపించింది. చిన్నదానికిస్తున్నా, నువ్వు ఇటు రాకు అంది."

"మరి నాతో, పెద్దదానికి చెప్పకు అందేం?"

"నీ సంగతి ఆవిడకి తెలియదా? నాకు తెలిసే నీకిచ్చానని చెప్పి ఉంటే, ఇందులో ఏదో మెలిక ఉందనుకుని అసలు మేపేదానివే కాదు."

పిన్నికి ఏడుపు తన్నుకొచ్చింది. సిగ్గుతో ఏడ్చింది, పక్క గోడ అవతల ఇన్నేళ్ళుగా ఇలాంటి మనిషిని పెట్టుకుని కుక్కల్ని తిట్టినందుకు ఏడ్చింది. దూడ లేవబోయి బోర్లాపడి, మళ్ళీ లేచింది. పిన్ని ముక్కు చీది, కళ్ళు తుడుచుకుంది.

"రేపట్నుంచి నీ మందని కూడా ఇటే తోలుకురా అక్కా."

తోడికోడలు తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ, పిన్నిని కింది నుంచి పైదాకా చూసింది.

"ఎందుకే?" అంది. "గడ్డికేమైనా తెగులు పట్టిందా?"