అవ్వ గేటు బయటే ఉండిపోయింది

ఈ రోజు మా అవ్వకు సముద్రం కనపడకుండా చేసింది బీచ్ పార్కు కాంట్రాక్టరు.

ఎండలకు తాళలేక ఉదయగిరి నుంచి వ్యాన్ మాట్లాడుకుని ఇంటిల్లిపాదీ వెళ్లాం. జీవితమంతా గొర్రెల వెంట తిరిగిన అవ్వ ఇంతవరకు సముద్రం చూడలేదు. మనవాళ్లు ఎక్కడికి పోయినా వండుకునే పోతారు కదా, తపేలా నిండా పులుసన్నం కలిపి తెచ్చింది. గేటు దగ్గర కాంట్రాక్టరు మనిషి ఆపాడు. బయటి తిండి లోపలికి రాకూడదట. లోపల వాళ్ల బిర్యానీ మాత్రం అమ్ముకోవచ్చు!

"తపేలా ఈడ పెట్టి లోపలికి పో అవ్వా," అన్నాడు.

"గొర్రెల్నన్నా వదిలేసి పోతా గానీ, ఇంతమంది తినే అన్నాన్ని కుక్కలకు వదుల్తానా?" అంటూ అవ్వ అక్కడే కూలబడింది.

నేను కాపలా ఉంటానన్నాను.

"నువ్వా? వాడితో గొడవకు పోయి తపేలా సంగతే మర్చిపోతావు. పోరా!"

నిజమే, గొడవకే పోయాను. తీరం ప్రజలదని గొంతు చించుకున్నాను. వాడు నవ్వాడు. లోపలికి పోయిన మావాళ్లు ఒక్కొక్కరే బయటికొచ్చి తిన్నారు, అవ్వ వడ్డించింది. తపేలా ఖాళీ అయ్యేసరికి పొద్దుగూకింది, గేటు మూసేశారు.

వ్యానెక్కుతూ, "అలల మోత ఇనపడినాదిలేరా," అంది అవ్వ. ఆ మాట విన్నప్పటి నుంచి నా కాలు ఒకచోట నిలవడం లేదు.

మిమ్మల్ని కూడా ఇట్లా ఆపారా? కామెంట్లలో రాయండి. రాసి ఊరుకోకండి. ఆదివారం పొద్దున ఆరు గంటలకు ఆత్మకూరు బస్టాండుకు రండి, అందరం కలిసి మళ్లీ ఆ గేటుకే పోదాం. అన్నం మనం మోద్దాం, అవ్వ ఖాళీ చేతులతో ముందు నడుస్తుంది.