ఆరి వెలిగిన చుక్క

ఆ రోజుల్లో నేను ఏలూరులో ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పేదాన్ని. ఉపగ్రహాన్ని వదిలి పని అయిపోయాక కూడా భూమి చుట్టూ తిరుగుతూ ఉండిపోయే రాకెట్ దశలను, అంటే రాకెట్ పై భాగాలను, చూడటం నాకో అలవాటు. పొద్దుగూకాక కాసేపటి వరకూ వాటి మీద ఎండ పడుతూ ఉంటుంది కాబట్టి, కదిలే చుక్కల్లా కనిపిస్తాయి. ఏది ఎప్పుడు ఏ దిక్కున వస్తుందో ఇంటర్నెట్ సెంటర్లో చూసి రాసుకునేదాన్ని. స్టాప్‌వాచ్‌తో టైము పట్టి, నాలాంటి పిచ్చే ఉన్న ఒక విదేశీ పెద్దాయనకు మెయిల్ చేసేదాన్ని.

ఒక ఏడాది నా కుడికంటి రెటీనాకు చిన్న చిరుగు పడింది. లేజర్ చేసిన డాక్టరుగారు, "కంట్లో మెరుపులు కనిపిస్తే ఆ రోజే వచ్చెయ్యండమ్మా, ఆలస్యం చెయ్యకండి" అన్నారు. అప్పటినుంచి వీధిలైటు మిణుకుమన్నా గుండె ఝల్లుమనేది.

తరువాతి నెల ఒక ఆదివారం, చర్చి అయ్యాక, కొల్లేటి పక్క ఊళ్ళో ఉన్న అత్తగారింటికి వెళ్ళాను. సాయంత్రం ఇద్దరం డాబా ఎక్కాం. నాకు బాగా తెలిసిన దశ ఒకటి నేను రాసుకున్న టైముకే నైరుతిలో పైకి లేచింది. ఎప్పుడూ నిలకడగా వెలుగుతూ పోయేది కాస్తా, చేపల చెరువుల మీదికి వచ్చేసరికి తళుక్కున మెరిసి ఆరిపోయింది. మళ్ళీ మెరిసింది. కుడికన్ను మూసి చూశాను. అయినా మెరుపే. రెండో కన్ను కూడా పోతోందనుకున్నాను.

"అత్తయ్యగారూ, అదిగో, ఆ పోతున్న చుక్క మీకెలా కనిపిస్తోందండీ?"

ఆవిడ మడతపెడుతున్న దుప్పటి వదిలి తలెత్తారు. "ఏదమ్మా? ఆఁ, అదా! ఆరిపోతోంది, వెలుగుతోంది. ఇదిగో, మళ్ళీ ఆరింది."

"నిజంగా మీకూ అలాగే ఉందాండీ?"

"నేనెందుకమ్మా అబద్ధం చెబుతాను? అయినా ఎందుకలా అడుగుతున్నావు?"

అప్పుడు చెప్పాను, అంతా. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "కంటి సంగతి ఇన్నాళ్ళూ నాకు చెప్పకపోతే ఎలాగమ్మా!" అని కోప్పడుతూనే నన్ను దగ్గరికి తీసుకున్నారు. ఆవిడ కంగారుపడతారనే చెప్పలేదు. ఇప్పుడు నా కంగారు తీర్చింది ఆవిడే.

మర్నాడు పెద్దాయన మెయిల్ వచ్చి ఉంది. ఆయనకూ అలాగే కనిపించిందట. లోపల మిగిలిన ఇంధనం లీకై ఆ దశ పల్టీలు కొడుతూ, ఒక్కో పక్క ఎండకు తిరిగినప్పుడల్లా మెరుస్తూ ఉండవచ్చని, ఎన్ని సెకన్లకోసారి మెరిసిందో పంపమని రాశారు. స్టాప్‌వాచ్ నొక్కడమే మరిచిపోయానని, ఎందుకు మరిచిపోయానో కూడా జవాబు రాశాను.

ఆ వారమే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. చిరుగు చక్కగా అతుక్కుందన్నారు. బయటికొచ్చి, బండి మీద వేడివేడి మిరపకాయ బజ్జీలు కొనుక్కుని, అక్కడే నిలబడి అన్నీ తినేశాను.